నాలుగో అంతస్తులోని భూమి

ఫిబ్రవరి నాలుగో తేదీ, మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఏడు నిమిషాలకు, కళ్ళజోళ్ళ కార్ఖానా ఉన్న నాలుగో అంతస్తు వరండాలో ఒక ఇనుప పీపా మీద ఎర్ర రంగుతో ‘భూమి’ అని రాశారు. రంగు ఆరేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆరిన తర్వాత కూడా ముట్టుకోలేదు, ఎందుకైనా మంచిదని.

ఆ భూమికి నీళ్ళు పోసే పనికి కుదిరిన మనిషిని మేడలో అందరూ వాల్వు మామయ్య అని పిలిచేవారు. కార్ఖానాలో ఆయన కోడలు పనిచేసేది. ఆమె మామయ్యా అని పిలవగా విని, యజమాని మొదలుకొని మెట్లు తుడిచే మనిషి దాకా అందరికీ ఆయన మామయ్యే అయ్యాడు. వాల్వు అన్నది మాత్రం స్వార్జితం. నీటి సరఫరా శాఖలో ఆయన ముప్ఫై ఒక్క సంవత్సరాలు పనిచేశాడు. వీధి వీధికీ వెళ్ళి, నేల మీది ఇనుప మూత ఎత్తి, నిలువెత్తు తాళంచెవి లోపలికి దించి, వాల్వు తిప్పి నీళ్ళు వదిలేవాడు. వేళ కాగానే కట్టేసేవాడు. నీళ్ళు వచ్చినప్పుడు జనం ఎవరినీ తలుచుకునేవారు కాదు. రానప్పుడు ఆయన్ను, ఆయన వంశాన్ని కూడా తలుచుకునేవారు. ఎన్ని చుట్లు తిప్పితే ఏ వీధి చివరి ఇంటికి సన్నధార అందుతుందో ఆయన బుర్రకు తెలియదు, మణికట్టుకు తెలుసు.

రిటైరైన తర్వాత ఆ మణికట్టుకు పని లేకపోయింది. ఇంట్లో కనబడిన ప్రతి సీసా మూతనూ బిగించడం మొదలుపెట్టాడు.

“మీరు బిగించిన నూనె సీసా విప్పడానికి మళ్ళీ మిమ్మల్నే నిద్ర లేపాలి. ఇదేం వరసండీ?” అనేది భార్య.

కొడుకు పాల వ్యాను నడిపేవాడు. తెల్లవారక ముందే వెళ్ళి వచ్చి, పగలంతా నిద్రపోయేవాడు. కనుక ఈ కథలో అతని పాత్ర గురకకే పరిమితం.

కోడలు పనిచేసే యంత్రం మరో దేశం నుంచి వచ్చింది. వజ్రపు పొడి అద్దిన చక్రం ఒకటి గిరగిరా తిరుగుతూ, నీటి జల్లు కింద, గుండ్రటి అద్దాన్ని కళ్ళజోడు ఫ్రేము ఆకారానికి అరగదీస్తుంది. దాని ముందు కూర్చునేవారి చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. పెట్టెలోంచి తీసిన రోజునే దాని ప్లగ్గు ఇక్కడి గోడకు పట్టలేదు. ఆ దేశపు ప్లగ్గుకు రెండే గుండ్రటి పుల్లలు. ఎర్త్ అన్నది ప్లగ్గు పక్కలనున్న ఇత్తడి రేకుల గుండా అందుతుంది. ఇక్కడి గోడకు మూడు రంధ్రాలు. ఎర్త్ కోసం పైన ఒక లావుపాటి రంధ్రం. ఎర్త్ కావాలన్న విషయంలో రెండు దేశాలకూ భేదాభిప్రాయం లేదు. అది ఎటునుంచి రావాలన్న దగ్గరే పేచీ. బజారులో దొరికిన ఒక అడాప్టరు ఆ పేచీని తీర్చింది. రెండు పుల్లలకూ దారి ఇచ్చి, ఇత్తడి రేకులకు ప్లాస్టిక్ గోడ చూపించింది. పైగా మేడ పాతది. నాలుగో అంతస్తు గోడల్లో నడిచేవి రెండే తీగలు. ఆ లావుపాటి రంధ్రం వెనక సిమెంటు తప్ప మరేమీ లేదు. అయినా యంత్రం తిరిగింది. తిరిగే యంత్రాన్ని శంకించేవాడెవడు?

శంక వేళ్ళకు కలిగింది. యంత్రాన్ని ఒక చేత్తోను, పక్కనే ఉన్న కొళాయిని మరో చేత్తోను పట్టుకుంటే మోచేతుల దాకా జిల్లుమనేది. ఇందులో మాయ ఏమీ లేదు. కరెంటులోని రొదను వడగట్టడానికి అలాంటి యంత్రాల లోపల రెండు చిన్న కెపాసిటర్లు పెడతారు. అవి రెండు తీగల నుంచీ ఆవగింజంత కరెంటును యంత్రం ఒంటికి చేరవేస్తాయి, అక్కణ్ణుంచి ఎర్త్ తీగ గుండా అది నేలలోకి పోతుందన్న భరోసాతో. ఎర్త్ లేనప్పుడు ఆ ఆవగింజకు దారి ఉండదు. యంత్రం ఒళ్ళు రెండు తీగలకూ నడిమధ్య, సరఫరాలో సరిగ్గా సగం వోల్టేజీ దగ్గర, త్రిశంకువులా వేలాడుతుంది. ఎవరు చెయ్యి అందిస్తారా అని చూస్తుంటుంది.

మనుషులు దేనికైనా అలవాటు పడతారు. అలవాటు పడ్డాక దానికి మర్యాదలు కూడా ఏర్పరుస్తారు. కార్ఖానాలో ఎవరూ కోడలి చేతికి నేరుగా ఏదీ ఇచ్చేవారు కాదు. చెక్క స్టూలు మీద పెట్టేవారు. ఆమెతో మాట్లాడదలిస్తే ముందు “వదిలావా?” అని అడగాలి, ఆమె “వదిలాను” అనాలి, ఆ తర్వాతే విషయం. యజమాని అద్దాలను ఆమెకు కర్ర పటకారుతో అందించేవాడు. తలుపు దగ్గర ఆమె కోసం ఒక జత రబ్బరు చెప్పులు ఉండేవి. వాటిని మరెవరూ తొడుక్కోకూడదు. కొత్తగా వచ్చిన ఖాతాదారులు ఇదంతా శుభ్రత కోసమని అనుకుని మెచ్చుకునేవారు.

యజమానిని అద్దాలాయన అనేవారు. ఆయన డిగ్రీలో భౌతికశాస్త్రం చదివాడు; ఆ సంగతి ఆయన మరచిపోలేదు, ఎవరినీ మరచిపోనివ్వలేదు. కరెంటు మేస్త్రి వచ్చి, ఎర్త్ లేదని, కింద గుంత తవ్వాలని చెప్పి వెళ్ళాడు. ఇంటి ఓనరు ఆవరణకు కొత్తగా రాళ్ళు పరిపించాడు. గుంత మాట ఎత్తితే గునపం ఎత్తేటట్టున్నాడు. అప్పుడు అద్దాలాయన యంత్రంతో వచ్చిన పుస్తకం తెరిచాడు. అందులో ఎర్త్ గుంత బొమ్మ ఉంది: ఒక జింకు పూత గొట్టం, దాని చుట్టూ పొరలుగా బొగ్గు, ఉప్పు, మట్టి, పైన నీళ్ళు పోయడానికి గరాటు. కొలతలన్నీ ఉన్నాయి. ఆ బొమ్మ కింద లోకం మొత్తం ఉండాలన్న సంగతి మాత్రం గీసినవాడు రాయలేదు. రాయవలసి వస్తుందని అనుకుని ఉండడు.

అద్దాలాయన ఆ బొమ్మను వరండాలో, పీపాలో, అంగుళం తేడా లేకుండా దించాడు. పీపాను నాలుగు ఇటుకల మీద నిలబెట్టాడు, అడుగు తుప్పు పట్టకుండా.

“మట్టి ఎక్కడైనా మట్టే. నాలుగో అంతస్తులో ఉన్నంత మాత్రాన ఇసుక అయిపోతుందా?” అన్నాడు.

యంత్రం నుంచి పసుపు, పచ్చ చారల తీగ తెచ్చి గొట్టానికి బిగించారు. జిల్లు తగ్గలేదు. భూమి ఇంకా పదునెక్కలేదని, రోజూ నీళ్ళు పడాలని అద్దాలాయన తేల్చాడు.

సరిగ్గా ఆ వారంలోనే ఇంట్లో వాల్వు మామయ్య ఒకటి గమనించాడు. వంటింట్లో కొళాయి తిప్పేముందు కోడలు దాన్ని వేళ్ళ వెనక వైపుతో ఒకసారి తాకి చూస్తోంది. పొయ్యి మీది గిన్నెను చూసినట్టు.

“ఏమ్మా, కొళాయికేమైంది?”

“ఏం లేదు మామయ్యా. అలవాటు.”

“కొళాయికి భయపడే అలవాటా?”

“అక్కడ మిషనూ కొళాయీ ఒక్కసారే ముట్టుకుంటే జిల్లంటుంది. అందుకని ముందు వెనక చేత్తో చూస్తాం. అరచేత్తో పట్టుకుంటే, గట్టిగా కొట్టినప్పుడు వేళ్ళు ముడుచుకుపోయి వదలవంట.”

అత్తగారు చేతిలోని గరిటె దించింది. “అట్లాంటి చోట నీకెందుకే పని? మానెయ్యి.”

“మానేస్తే దాని ముందు ఇంకో పిల్ల కూర్చుంటుంది అత్తయ్యా. జిల్లు పోదుగా. అయినా ఆ పని నాకు బాగా వచ్చు. వచ్చిన పని వదులుకోబుద్ధి కాదు.”

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరి కొళాయిలకు నీళ్ళు పంపిన మనిషి ఇంట్లో, ఒక మనిషి కొళాయిని పామును చూసినట్టు చూస్తోంది. ఆయన ఆ పూట సరిగ్గా తినలేదు. మర్నాడు మేడ ఎక్కి అద్దాలాయన ముందు నిలబడ్డాడు.

“భూమికి నీళ్ళు పోసే మనిషి కావాలని మా కోడలు చెప్పింది.”

“అనుభవం ఉందా?”

“ఊరికి పోశాను.”

ఇంటికి వచ్చి భార్యకు చెప్పాడు. “మొక్క లేని కుండీకి తోటమాలి. బాగుంది. పువ్వులు పూస్తే ఇంటికి తెండి,” అంది.

మొదట్లో మామయ్య, అద్దాలాయన చెప్పిన కొలత ప్రకారం, పొద్దున రెండు బిందెలు, మధ్యాహ్నం రెండు బిందెలు పోసేవాడు. జిల్లు ఉన్నచోటే ఉంది. ఒక రోజు కొళాయికి రబ్బరు గొట్టం తగిలించి పీపాలో పెట్టి, మెట్ల దగ్గర ఎవరితోనో మాటల్లో పడి మరచిపోయాడు. తిరిగి వచ్చేసరికి పీపా పొంగి, వరండా అంచున ఉన్న ఇనుప కటకటాల మీదుగా, గోడ వెంబడి నీళ్ళు కిందికి జారుతున్నాయి. ఉద్యోగ జీవితం మొత్తంలో ఆయన చుక్క నీరు వృథా చేసి ఎరగడు.

లోపలినుంచి కోడలు కేక వేసింది. “మామయ్యా! ఇటు రండి! జిల్లు లేదు!”

“లేదా?”

“లేదంటే లేదు. ఇదుగో, ఒక చెయ్యి ఇక్కడ, ఒక చెయ్యి ఇక్కడ. చీమ కుట్టినట్టు కూడా లేదు!”

నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అంటారు. ఇక్కడ పల్లం ఎరిగిన నీరే కొంత నిజాన్ని కూడా వెంట తీసుకుపోయింది. తడిసిన గోడ, కటకటాలు, వాటి కాళ్ళు పాతిన స్లాబులోని ఇనుము కలిసి ఆ ఆవగింజంత కరెంటుకు నేల దాకా ఒక సన్నటి కాలిబాట వేశాయి. వాల్వు మామయ్యకు ఈ వివరం తెలియదు. పీపా పొంగితే కోడలు నవ్వుతోందన్నది తెలిసింది. ఆయనకు అంతే చాలు. ఆ రోజు నుంచి పొంగించడమే ఆయన విధి అయింది. ఏ అంచు మీదుగా పొంగితే జిల్లు త్వరగా పోతుందో కనిపెట్టి, పీపా అటు వంగేలా ఎదుటి వైపు ఇటుక మీద ఒక చెక్క ముక్క దోపాడు. మణికట్టుకు మళ్ళీ పని దొరికింది. ఇంట్లో సీసా మూతలు సులువుగా రావడం మొదలుపెట్టాయి.

అయితే నాలుగో అంతస్తు నుంచి జారిన నీరు మూడో అంతస్తు మీదుగా పోవాలి. మూడో అంతస్తు వరండాలో గొడుగుల మేస్త్రి ఉండేవాడు. విరిగిన ఊచలు మార్చడం, చిరిగిన గుడ్డ కుట్టడం, పట్టేసిన పిడిని విడిపించడం ఆయన పని. గొడుగులు బాగుచేసే మనిషి నెత్తిన ఎండాకాలంలో వాన పడడం ఆ మేడకంతటికీ వినోదమైంది, ఆయనకు కాదు.

“ఎవర్రా పైన? మీ పీపా పగల! మీ కార్ఖానా కొట్టుకుపోను!”

వాల్వు మామయ్య కటకటాల మీదుగా తల వంచాడు. “నేనే మేస్త్రీ. భూమికి నీళ్ళు పెడుతున్నా.”

“భూమా? భూమి కిందుంటుందయ్యా పెద్దమనిషీ! నీ మీదెక్కడుంది?”

“ఇది మిషనుకి భూమి.”

“మిషనుకి భూమి, నాకు గంగ! కందకు లేని దురద కత్తిపీటకెందుకంట? కరెంటు మీది, మిషను మీది, తడిసేది నేనా?”

“కోడలిపిల్ల చేతులు జిల్లుమంటున్నాయి మేస్త్రీ. కాస్త ఓర్చుకో.”

“నా ఒళ్ళంతా జిల్లుమంటోంది! నాకెవరు నీళ్ళాపుతారు?”

ఇది రోజూ జరిగేది. జరగగా జరగగా వాల్వు మామయ్యకు అందులో ఒక ఉపయోగం కనిపించింది. గోడ బాగా తడిస్తేనే మేస్త్రికి నీళ్ళు అందుతాయి. అందితేనే ఆయన తిడతాడు. ఆయన తిట్టాడంటే లోపల జిల్లు లేనట్టే. మీటరు అక్కర్లేకుండా భూమి స్థితి చెవికి తెలిసిపోయేది. పీపా పేరుతో మొదలయ్యే తిట్టు వస్తే ధార సన్నం. కార్ఖానా కొట్టుకుపోవాలని తిడితే ఫరవాలేదు. వంశం దాకా వెళితే ధార నిండుగా ఉన్నట్టు. అప్పుడు ఆయన లోపలికి తల పెట్టి, “కూర్చోమ్మా, వంశం దాకా వచ్చింది,” అని చెప్పేవాడు. మేస్త్రికి జలుబు చేసి గొంతు పోయిన రెండు రోజులూ మామయ్య నిలకడగా కూర్చోలేకపోయాడు, మాటిమాటికీ కిందికి తొంగిచూసి, “ఏమైనా అన్నావా మేస్త్రీ?” అని అడిగేవాడు.

కార్ఖానా ధైర్యం తెచ్చుకుంది. చెక్క స్టూలు మీద ఇప్పుడు భోజనం డబ్బాలు పెడుతున్నారు. కర్ర పటకారు ఎవరికీ కనబడలేదు, ఎవరూ వెతకనూ లేదు. “వదిలావా?” అని అడిగేవారు లేరు. కోడలు రబ్బరు చెప్పులు కూడా తొడుక్కోవడం మానేసింది. వేసవిలో తడి నేల మీద వట్టి పాదాలకు హాయిగా ఉందన్నది. వాల్వు మామయ్య ఆ మాట భార్యకు రెండుసార్లు చెప్పాడు.

మే నెలలో, యంత్రాన్ని పంపిన సంస్థ తరఫున, చక్రం బేరింగు మార్చడానికి ఆ దేశం నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. మన భాషను ఆమె వ్యాకరణ పుస్తకాల నుంచి నేర్చుకుంది. ఒక్క అక్షరం తప్పకుండా మాట్లాడేది. అందువల్ల అందరూ ఆమెతో కాస్త భయంగా ఉండేవారు. ఆమె పెట్టె తెరవకముందే అడాప్టరును గోడ నుంచి లాగి, వైద్యుడు రోగి నాలుకను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

“దీనిని ఎవరు అమర్చినారు?”

“బజార్లో దొరికిందండీ. బ్రహ్మాండంగా పనిచేస్తోంది,” అన్నాడు అద్దాలాయన.

“పనిచేయుట వేరు. భద్రముగా నుండుట వేరు.”

ఆమె పసుపు, పచ్చ చారల తీగను పట్టుకుని, దాని వెంబడే నడిచి వరండాలోకి వచ్చింది. పీపాను చూసింది. దాని మీది అక్షరాలను కూడబలుక్కుని చదివింది.

“అయ్యా, ఈ భూమికి అడుగున ఏమి యున్నది?”

“ఇటుకలండీ.”

“ఇటుకలకు అడుగున?”

“వరండా.”

“వరండాకు అడుగున?”

“నేనున్నా!” అని కిందినుంచి కేక వినిపించింది. “నా నెత్తుంది!”

ఇంజనీరమ్మ అడాప్టరును తిరిగి గోడకు పెట్టి మీటరు తీసింది. గోడ పొడిగా ఉన్నప్పుడు యంత్రానికీ కొళాయికీ మధ్య నూట పన్నెండు వోల్టులు. మామయ్యను నీళ్ళు పోయమంది. ఆయన మణికట్టు తిప్పాడు, పీపా పొంగింది, కింద వంశం దాకా వచ్చింది. మీటరు జారుతూ జారుతూ ఆరు వోల్టుల దగ్గర ఆగింది.

అద్దాలాయన ముఖం వెలిగిపోయింది. “చూశారా! భూమి ఎక్కడుంటే ఏమండీ?” అన్నాడు. మామయ్య చొక్కా కాలరు సర్దుకున్నాడు.

ఇంజనీరమ్మ పెట్టెలోంచి తీగలు కట్టిన ఒక బల్బు తీసింది. “యంత్రము లోపల ఒక తీగ తొడుగు చిరిగి, దాని ఒంటికి తగిలినదనుకొనుడు. అప్పుడు ఆవగింజ కాదు, వరద వచ్చును. ఆ వరద ఈ పీపా గుండా నేలకు పోవలెను. పోయినచో ఫ్యూజు కాలును, అందరును బ్రతుకుదురు. ఇప్పుడు ఆ వరదను ఈ దీపము గుండా పీపాకు పంపెదను. మీ భూమి భూమియే అయినచో దీపము వెలుగును.”

యంత్రం తీగను పీపా నుంచి విప్పి, అందరినీ దూరంగా నిలబెట్టి, బల్బును కరెంటుకూ పీపా గొట్టానికీ మధ్య కలిపింది. అందరూ బల్బు వైపు చూశారు. అది కూడా వాళ్ళ వైపు చూసింది, వెలగలేదు. ఆమె కరెంటు ఆపింది. మామయ్య మరో బిందె పోశాడు. మళ్ళీ కలిపింది; వెలగలేదు. మరో బిందె. కింద మేస్త్రి తిట్లలో వంశం దాటి, కొత్త తరాలను కనిపెడుతున్నాడు. బల్బు మాత్రం చిన్న ఎర్రటి గీతైనా చూపలేదు.

ఆ కొసను ఆమె పీపా నుంచి తీసి కొళాయికి తాకించింది. బల్బు భగ్గుమంది.

“అయితే కొళాయికే కట్టేద్దాం!” అన్నాడు అద్దాలాయన.

“రేపు ఎవరైనను మధ్యలో ప్లాస్టిక్ గొట్టము వేసినచో నేలకు దారి తెగి, ఈ మేడలోని కొళాయిలన్నియు మీ యంత్రమగును.” ఆమె మరో మీటరు చూసి చెప్పింది: “నిరోధము ఐదు ఓమ్‌ల లోపు నుండవలెనని మా నియమము. మీ పీపాకు ఇరవై ఒక్క వేలు. ఆవగింజకు ఆ దారి సరిపోయినది. వరదకు చాలదు. మీ నీరు దగ్గును ఆపినది. వ్యాధి లోపలనే యున్నది. దగ్గు లేదు గదా యని అందరును రోగికి దగ్గరగా జరిగినారు.”

వాల్వు మామయ్య కోడలి పాదాల వైపు చూశాడు. తడి గచ్చు మీద వట్టి పాదాలు. జిల్లు ఉన్నన్నాళ్ళు ఆమె యంత్రానికి జంకింది, చెప్పులు తొడుక్కుంది, వెనక చేత్తో తాకి చూసింది. ఆయన పోసిన ప్రతి బిందె ఆ జంకును కాస్త కాస్తగా కడిగేసింది. కాపలా కుక్క మొరుగుతోందని, నిద్ర పాడవుతోందని, దాని మూతికి గుడ్డ కట్టినవాడు తానే.

“చెప్పులు తొడుక్కో అమ్మా,” అన్నాడు.

“మిషను ఆపేశారుగా మామయ్యా.”

“అయినా తొడుక్కో.”

పరిష్కారం కష్టమైనది కాదు. ప్రహరీ పక్కన రాళ్ళు పరవని మట్టి జానెడు వెడల్పున మిగిలి ఉంది. అక్కడైతే రాడ్లు దించుకోవచ్చని ఇంటి ఓనరు ఒప్పుకున్నాడు. అక్కడినుంచి ఒక రాగి పట్టీ గోడ వెంబడి పైకి రావాలి. గోడకు ఆ వైపున అడ్డుగా ఉన్నది ఒక్క మేస్త్రి వరండాయే. అద్దాలాయన స్వయంగా దిగి వెళ్ళి అడిగాడు. జవాబు నాలుగో అంతస్తుకు స్పష్టంగా వినిపించింది.

“ఇన్నాళ్ళూ నా నెత్తిన నీళ్ళు పోశారు. ఇప్పుడు కరెంటు కూడా పోస్తారా? నా ప్రాణం ఉండగా ఒక్క మేకు దిగనివ్వను!”

ఇంజనీరమ్మ యంత్రానికి ‘నడపరాదు’ అని అట్ట కట్టి, శుక్రవారం దాకా ఊళ్ళోనే ఉంటానని చెప్పి వెళ్ళింది. ఆమె మెట్లు దిగిన చప్పుడు ఆగగానే అద్దాలాయన, ఆమె విప్పిన తీగను పీపాకు మళ్ళీ బిగించి, గొంతు తగ్గించాడు.

“ఆమె చెప్పింది శాస్త్రమే, కాదనను. కానీ ఇన్ని నెలలూ ఏమీ కాలేదు కదా? నాలుగు రోజులు మామూలుగా నడుపుదాం. మామయ్యా, మీరు ఇంకో రెండు బిందెలు ఎక్కువే పోయండి.”

“పొయ్యనండీ.”

“అంటే?”

“నీళ్ళు పొయ్యను. జిల్లు రానివ్వండి.”

“మిమ్మల్ని పెట్టుకున్నది పొయ్యడానికి కదా!”

“వాల్వు తిప్పేవాడికి కట్టెయ్యడం కూడా పనేనండీ.” ఆయన రబ్బరు గొట్టం ఊడదీసి, చుట్ట చుట్టి, చంకన పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. తర్వాత లేచి కొళాయిని కూడా బిగించాడు. ఇక దాన్ని విప్పాలంటే ఆయన్నే అడగాలి.

మే నెల ఎండకు గోడ ఆరడానికి ఎంతోసేపు పట్టలేదు. భయపడవలసింది ఏమీ లేదని చూపించడానికి అద్దాలాయన తానే అట్ట పక్కకు నెట్టి యంత్రం ముందు కూర్చున్నాడు. అద్దం బిగించాడు, చక్రం తిప్పాడు, ఎడమ మోచేయి కొళాయికి ఆనింది. ఒక్క గెంతులో ఆయన కిటికీ దగ్గర ఉన్నాడు. కళ్ళజోడు మాత్రం యంత్రం దగ్గరే ఉంది.

“వదిలారా సార్?” అంది కోడలు.

“నేను వదల్లేదమ్మా! అదే వదిలింది!”

కళ్ళజోడు తెచ్చివ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. కర్ర పటకారు వెతకవలసి వచ్చింది. ఆ తర్వాత యంత్రాన్ని నడపాలన్న మాట ఆయన ఎత్తలేదు.

మర్నాడు ఉదయం మెట్ల మీద ఎవరో రొప్పుతూ వస్తున్న చప్పుడైంది. గొడుగుల మేస్త్రి. ఇన్ని నెలల్లో ఆయన పైకి రావడం అదే మొదటిసారి. చంకలో మూడు గొడుగులు, ముఖంలో మూడు గొడుగుల కోపం.

“ఏమయ్యా పెద్దమనిషీ, బతికున్నావా? నీళ్ళేవి?”

వాల్వు మామయ్య లేచి నిలబడ్డాడు. “కట్టేశాను మేస్త్రీ. ఇక నీకే బాధా ఉండదు.”

“నిన్ననగా పోయాయి. ఇవ్వాళ కూడా లేవు. ఇట్లాగైతే ఎట్లా?”

“తడుస్తున్నావనేగా తిట్టేవాడివి?”

“తిట్టానయ్యా. తిట్టనన్నానా?” మేస్త్రి వెనక్కి చూసి, మెట్ల మీద ఎవరూ లేరని తేల్చుకుని, గొంతు దించాడు. “గొడుగు బాగుచేసి ఇస్తే, కారుతుందో లేదో ఎట్లా తెలుసు అనేవాడు ప్రతివాడూ. వానొచ్చాక తెలుస్తుందనేవాణ్ణి. మీ ధార పడ్డప్పట్నుంచి దాని కింద నిలబెట్టి చూపించి ఇస్తున్నా. పక్క వీధుల్లోంచి కూడా వస్తున్నారు. ఇప్పుడు కింద ఇద్దరు గొడుగులు తెరిచి, పైకి చూస్తూ నిలబడ్డారు. ఎండలో!”

“మరి తిట్లెందుకు?”

“తిట్టకపోతే, వాడుకుంటున్నావు గదా అని అద్దె అడుగుతారేమోనని!”

కోడలు మొహం అటు తిప్పుకుంది, భుజాలు కదులుతున్నాయి. అద్దాలాయన నోరు తెరిచాడు గాని వాల్వు మామయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళపాటు, ఎవరికి నీళ్ళు ఎంత అవసరమో గొంతును బట్టి పట్టుకున్న మనిషి ఆయన.

“నీళ్ళు వదులుతా మేస్త్రీ. రోజూ, నీకు కావలసిన వేళకి, కావలసినంత లావున. కానీ పిల్ల మిషనుకి అసలైన భూమి పడ్డాకే. నీ గోడ మీంచి రాగి పట్టీ దిగాలి.”

“అదొస్తే నాకు షాకు కొట్టదుగా?”

“కొట్టకుండా ఉండటానికే అది.”

మేస్త్రి చంకలోని గొడుగులను ఒక చంక నుంచి మరో చంకకు మార్చాడు. “ధార మాత్రం ఎడం పక్కన పడాలి. కుడిపక్క నా కుట్టుమిషనుంది.”

“ఎడమే.”

“అయితే కానివ్వండి. తిట్లు మాత్రం మానను. అలవాటైపోయింది.”

గురువారం పట్టీ దిగింది. శుక్రవారం ఉదయం ప్రహరీ పక్కన రెండు రాడ్లను నేలలోకి దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు, మట్టి పొరలు పరిచారు. బొమ్మ అదే, ఈసారి దాని అడుగున లోకం ఉంది. పైన గోడకు ఆ దేశపు సాకెట్టే బిగించారు. ప్లగ్గు పక్కల రేకులకు మొట్టమొదటిసారి ఇత్తడి తగిలింది. కొద్ది తేడా వచ్చినా కరెంటును కోసేసే బ్రేకరు ఒకటి దాని పక్కన వెలిసింది. పీపాకూ యంత్రానికీ మధ్య ఉన్న తీగను ఇంజనీరమ్మ తానే కత్తిరించింది.

తర్వాత ఆమె మట్టిలో కాస్త కాస్త దూరంలో రెండు మేకులు పాతి, తీగలు కలిపి, మీటరును నేల మీద పెట్టింది. మేస్త్రి వరండా నుంచి వంగి చూస్తున్నాడు. ఐదు దాటితే మళ్ళీ తవ్వాలి, తవ్వడానికి ఆ జానెడు మట్టి తప్ప మరో చోటు లేదు, అదీ అయిపోయింది.

“మీరే చదువుడు,” అంది ఇంజనీరమ్మ కోడలితో. “యంత్రము ముందు కూర్చుండునది మీరు గదా.”

వాల్వు మామయ్య దగ్గరికి రాలేదు. ప్రహరీకి చెయ్యి ఆనించి, వీధి వైపు చూస్తూ నిలబడ్డాడు. కోడలు మోకాళ్ళ మీద కూర్చుని, ఎండకు చెయ్యి అడ్డం పెట్టి, మీటరు మీదికి వంగింది. అంకె రెండు మూడుసార్లు మారి నిలిచింది. ఆమె మామయ్యకు వినబడేటంత గట్టిగా చదివింది.

3.2 ఓమ్‌లు.